ఆయుధం ఎవరిది? యుద్ధవస్తువుల సేకరణ, తొలి యజమాని అన్వేషణ: తెలుగు వీరగాథా సంప్రదాయాల ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

యుద్ధరంగంలో వాడిన సామగ్రిని సేకరించడం, అది మొదట ఎవరి చేతిలో ఉండేదో ఆరా తీయడం ప్రపంచయుద్ధాల అనంతరం ఒక పరిశోధన మార్గంగా స్థిరపడింది. ఈ అన్వేషణకు మూలాధారం వస్తువు మీద చెక్కిన పేరు, సంఖ్య. తెలుగునాట వీరగాథలతో ముడిపడిన యుద్ధవస్తువులకు ఆ పద్ధతి నేరుగా వర్తించదు. ఇక్కడ యజమాని పేరు లోహం మీద ఉండదు. కథలో, కొలుపులో, వంశంలో ఉంటుంది. కథను సాహిత్య పరిశోధకులు, లోహాన్ని పురావస్తు పరిశోధకులు విడివిడిగా తీసుకుపోవడం వల్ల ఆ పేరు రెండుచోట్లా జారిపోయే ప్రమాదం ఏర్పడింది. కారెంపూడి కొణతాలు, మేడారం కుంకుమ బరిణె, పినపాక మండలం జానంపేటలోని బృహత్ శిలా సమాధులు, మన్యం పోరాటంలో చేతులు మారిన తుపాకులు, కోయల పడిగె ఆధారంగా ఈ వ్యాసం ఆ విభజనను విమర్శిస్తుంది.

కీలకపదాలు: వీరగాథ, కొణతం, కుంకుమ బరిణె, పడిగె, కోయ డోలి, వస్తుసంస్కృతి, పినపాక, పల్నాడు.

1. పేరు చెక్కిన లోహం

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం పక్షాన పనిచేసిన సైనికుడికి ఇచ్చిన పతకాన్ని పక్కకు తిప్పి చూస్తే, అంచు మీద అతని సంఖ్య, హోదా, పేరు, పటాలం కనిపిస్తాయి. పాత సామాన్ల అంగడిలో ఆ పతకం ఎవరికి దొరికినా, ఆ నాలుగు వివరాలతో సైనిక దస్తావేజులను వెతికి, అసలు మనిషిని, వీలైతే అతని మనుమలను చేరుకోవచ్చు. నీళ్ళసీసా, మెస్ టిన్, నడుముపట్టీ, కిట్ బ్యాగు వంటి క్షేత్ర సామగ్రి సంగతి వేరు. వాటిమీద ప్రధానంగా కనిపించేది ప్రభుత్వపు ఆస్తి అని తెలిపే వెడల్పాటి బాణం గుర్తు. సైనికుడి సంఖ్య ఉంటే ఆ గుర్తు పక్కన ఎక్కడో ఒక మూల ఉంటుంది. కాబట్టి సేకర్తలు 'అసలు యజమాని' అని పిలుస్తున్న వ్యక్తి చట్టరీత్యా ఆ వస్తువుకు యజమాని కాడు, దాన్ని మోసినవాడు. వస్తువు రాజ్యానిది, ఒళ్ళు అతనిది. ఈ తేడాను సేకర్తలు అంతగా పట్టించుకోరు. ఈ చర్చకు మాత్రం అదే మొదటి మెట్టు.

పేరు చెక్కడంలోనూ అంతరాలున్నాయి. బ్రిటిష్ యుద్ధపతకాన్ని పోరాడిన సైనికులకు వెండితో చేసి ఇచ్చారు. చైనా, మాల్టా, భారతదేశాల నుంచి వెళ్ళిన కూలిదళాలకు అదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు. నీళ్ళు మోసినవాడు, కందకం తవ్వినవాడు కంచు మనుషులయ్యారు. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం మీద సమాధి దొరకని భారతీయుల పేర్లు 4,700కు పైగా ఉన్నాయి. లాహోర్ మ్యూజియంలో మిగిలిన పంజాబ్ సైనికుల రిజిస్టర్లలో సుమారు 3,20,000 మంది వివరాలు ఉన్నట్లు తేలి, 2021 నుంచి అవి అంతర్జాలంలోకి వచ్చాయి. పంజాబు పల్లెలో తాతగారి పతకం పట్టుకొని వెతికేవారికి ఇప్పుడొక దారి ఉంది. తెలుగునాట తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషులను పంపి 'మిలటరీ మాధవరం' అనిపించుకుంది. అక్కడ తాత తండ్రుల సైనిక సేవ ఊరి పేరులోనే కలిసిపోయింది.

ఈ దారులన్నిటికీ ముందొక షరతు ఉంది: రాజ్యం ఆ మనిషిని లెక్కలో రాసుకొని ఉండాలి. రాజ్యం రాసుకోనివారు, రాజ్యానికి ఎదురు నిలిచినవారు పట్టిన ఆయుధాల విషయంలో ఏం చేయాలి? ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దులో ఈ ప్రశ్నను తప్పించుకోవడం కష్టం.

2. కారెంపూడి కొణతాలు

యుద్ధవస్తువును దాని మొదటి యజమాని పేరుతో శతాబ్దాలపాటు గుర్తుంచుకొన్న సంప్రదాయం తెలుగువారికి ఉంది. దానికి గట్టి నిదర్శనం పల్నాడు. పన్నెండో శతాబ్ది నాటి పల్నాటి యుద్ధంలో మరణించిన వీరులను కొలిచే ఉత్సవం ఏటా కార్తీక అమావాస్య నాడు కారెంపూడిలో మొదలై అయిదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. వీరాచారవంతులు తమ తమ ఊళ్ళ నుంచి ఆయుధాలను తెస్తారు. వాటిని కొణతాలు అంటారు. వాటిని నాగులేటిలో శుభ్రపరచి, అలంకరించి, వీరుల గుడికి, అంకాళమ్మ గుడికి, చెన్నకేశవుడి గుడికి ఊరేగింపుగా తీసుకువెళ్తారు.

ఆ ఊరేగింపులో కొణతాన్ని ఊరికే 'ఒక కత్తి' అనరు. ఇది ఫలానా వీరుడిది అంటారు. కథలో బ్రహ్మనాయుడిది నృసింహ కుంతం, కన్నమదాసుది భైరవ ఖడ్గం. వీరుల గుడిలో అరవై ఆరుగురు వీరుల పేర కొలుపు జరుగుతుంది. వారిలో బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసిన మాల కన్నమదాసు కూడా ఉన్నాడు. పోరాడినవాడికి వెండి, బరువు మోసినవాడికి కంచు అన్న విభజనను ఈ వరుసతో పోల్చినప్పుడు, పేర్లను నిలిపే విషయంలో పల్నాటి సంప్రదాయం ఎంత వేరైనదో అర్థమవుతుంది. అయితే దీన్ని సమానత్వానికి నమూనాగా ఎత్తిపట్టడం తొందరపాటే అవుతుంది. చాపకూడు కథ చెప్పిన ఊళ్ళలోనే కులభేదాలూ కొనసాగాయి. ఇక్కడ చర్చ పేరు నిలిచిన తీరుకు పరిమితం.

సేకర్త ఈ కొణతాన్ని చూడగానే వేసే ప్రశ్న ఒకటే: ఇది నిజంగా పన్నెండో శతాబ్దిదేనా? వీరాచారంలో ఈ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. కర్ర మారి ఉండవచ్చు, లోహం తరువాతిది కావచ్చు. అది ఎవరిది, దాన్ని ఎవరు పట్టాలి, ఎప్పుడు దించాలి, దాని ముందు ఏ కథాభాగం పాడాలి అన్నవే అక్కడి ప్రశ్నలు. పతకానికి అంచు ఎటువంటిదో కొణతానికి కథ అటువంటిది. పేరు అక్కడ చెక్కి ఉంది. ఏటా పాడటం వల్ల ఆ చెక్కడం అరిగిపోకుండా ఉంది.

ఈ విషయంలో మన విమర్శ ఏం చేసిందో చూడాలి. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించిన నాటి నుంచి వాదప్రతివాదాలు ప్రధానంగా కర్తృత్వం చుట్టూ, పాఠం చుట్టూ, చారిత్రకత చుట్టూ తిరిగాయి. శ్రీనాథుడు రాశాడా లేదా, మంజరీ ద్విపద ఎంత, ప్రక్షిప్తమెంత అన్నవి విలువైన ప్రశ్నలే. వాటి వెలుగులో వీరవిద్యావంతుడి పాట 'పాఠాంతరం' అయింది. కొణతం మాత్రం పాదసూచికలోకి కూడా రాలేదనడం అతిశయోక్తి కాదు. ఈ ధోరణికి భిన్నంగా నడిచిన గ్రంథంగా జీన్ రోఘేర్ 1982లో ప్రచురించిన 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు'ను చెప్పుకోవాలి. ఆయన వీరవిద్యావంతుడు ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను అనువదించడమే కాక, దాన్ని వీరుల కొలుపుతో కలిపి చదివాడు. తెలుగు కావ్యచరిత్రలో ఊరిన పండితుడికి పక్కదారిగా తోచినది, బయటినుంచి వచ్చినవాడికి ప్రధాన మార్గంగా కనిపించింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు; ఎవరి శిక్షణ వారి కళ్ళను తీర్చిదిద్దుతుంది.

3. చిలకలగుట్ట మీద దొరికిన బరిణె

పల్నాడులో ఆయుధం ముందు, వెతుకులాట తరువాత. మేడారంలో ఆ వరుస తలకిందులవుతుంది. విస్తృతంగా ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, కరువు వల్ల కప్పం కట్టలేకపోయిన కోయ పాలకుడు పగిడిద్దరాజు మీదికి కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, గోవిందరాజు పోరులో నేలకొరిగారు. జంపన్న సంపెంగవాగులో ప్రాణాలు విడవగా అది జంపన్నవాగు అయింది. సమ్మక్క ఒంటరిగా పోరాడుతుండగా శత్రువు వెనుక నుంచి బల్లెంతో పొడిచాడు. ఆమె నెత్తురోడుతూ చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగైంది. వెతుకుతూ వెళ్ళిన కోయలకు గుట్ట మీద చెట్టు కింద, పుట్ట దగ్గర ఒక కుంకుమ బరిణె కనిపించింది.

ఈ ఘట్టాన్ని మహిమగా, దైవీకరణకు ఆరంభంగా చదవడం రివాజు. వస్తువు వైపు నుంచి చదివితే మరొకటి కనిపిస్తుంది. యుద్ధం ముగిసిన చోట దేహం లేదు, ఆయుధం లేదు. ఒక చిన్న వస్తువు దొరికింది. దొరికినవారు దాన్ని చూసి 'ఇది ఆమెది' అన్నారు. యుద్ధరంగంలో దొరికిన సామగ్రికి యజమానిని గుర్తించడమంటే ఇదే. సంఖ్య లేదు, రిజిస్టరు లేదు. ఆమెను ఎరిగిన మనుషుల గుర్తు ఒక్కటే సాక్ష్యం. సైనికుడి కుటుంబానికి అతని చేతిగడియారం తిరిగివస్తే వారు దాన్ని పోల్చుకొనే తీరుకూ దీనికీ మధ్య దూరం అనుకున్నంత లేదు.

మరో విశేషం ఉంది. యుద్ధకథలో మిగిలే వస్తువు కత్తో బల్లెమో అయి ఉంటుందని శ్రోత ఎదురుచూస్తాడు. ఇక్కడ బల్లెం శత్రువు చేతిలో ఉంది, అతని వెంటే కథలోంచి వెళ్ళిపోయింది. మిగిలింది కుంకుమ. పొడిచిన ఆయుధాన్ని కథ దాచుకోలేదు. పడిపోయిన మనిషి నిత్యం వాడుకొన్న వస్తువును దాచుకొంది. తెలుగు వీరగాథల పరిశీలనలో వీరరసం, యుద్ధవర్ణన, ఆయుధ నామాలు అన్న శీర్షికలకు అలవాటుపడిన దృష్టికి ఈ ఎంపిక అందదు. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథా కవిత్వాన్ని సమగ్రంగా పరిశీలించారు. నాయని కృష్ణకుమారి గేయగాథల స్వరూపాన్ని వివరించారు. వారు వేసిన పునాది లేనిదే ఈ చర్చకు అవకాశమే లేదు. ఆ పునాది మీద కట్టవలసిన గదుల్లో వస్తువుకు ఒక గది ఉండాలన్నదే ఇక్కడి అభ్యర్థన.

రెండేళ్ళకోసారి మాఘశుద్ధ పౌర్ణమి రోజుల్లో జరిగే జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుతారు. ఏ దైవాన్ని ఏ వంశంవారు తేవాలో నిర్ణయమై ఉంది. మరునాడు సమ్మక్కను చిలకలగుట్ట నుంచి దించుతారు. ఆ సమయంలో జిల్లా పోలీసు అధికారి తుపాకిని గాలిలోకి పేల్చి స్వాగతం పలుకుతాడు. రాజ్యపు బల్లెం పొడిచిన స్త్రీకి రాజ్యపు తుపాకి వందనం చేస్తుంది. జాతరకు ప్రభుత్వ లాంఛనం అంటారు దీన్ని. వీరగాథ చదివినవాడికి ఇది లాంఛనంగా మాత్రమే వినిపించదు.

ఆ బరిణెను కొలత వేసి, లోహం పరీక్షించి, కాలనిర్ణయం చేయాలన్న కోరిక పరిశోధకుడికి కలగవచ్చు. యజమాని ఆచూకీ తెలిసిన వస్తువు విషయంలో సేకర్త చేయవలసిన పని ఏమిటి? ప్రపంచయుద్ధ సామగ్రి సేకర్తలలో మంచి సంప్రదాయం పాటించేవారు యజమాని కుటుంబం దొరికితే వస్తువును వారికి అప్పగిస్తారు. బరిణె ఇప్పటికే తనవారి దగ్గరే ఉంది. అక్కడ పరిశోధకుడి చేయి ఆగాలి. ఆగడం కూడా పరిశోధన పద్ధతిలో భాగమే.

4. జానంపేట: పాట పోయిన చోటు

చిలకలగుట్టకు పూర్తి విరుద్ధమైన స్థితి పినపాక మండలం జానంపేటలో కనిపిస్తుంది. ములుగు జిల్లాలోని మల్లూరు, కాటాపూర్ ప్రాంతం నుంచి పినపాక దాకా గోదావరి కుడివైపు అడవుల్లో బృహత్ శిలాయుగపు సమాధులు విస్తారంగా ఉన్నాయి. పెద్దపెద్ద బండలను గోడలుగా నిలిపి, పైన కప్పురాయి వేసిన కట్టడాలవి. 1868 నాటికే ముల్హెరాన్ ఈ ప్రాంతపు కట్టడాల గురించి బెంగాల్ ఆసియాటిక్ సొసైటీకి తెలియజేశాడు. 1914లో గులాం యజ్దానీ నాయకత్వంలో హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖ ఏర్పడిన తరువాత ఇటువంటి స్థలాల పరిశీలన ఊపందుకొంది. తెలంగాణలో తవ్విన ఇనుపయుగపు సమాధుల్లో కత్తులు, బాకులు, ఈటెమొనలు, బాణపు ములుకులు మట్టికుండలతోపాటు బయటపడ్డాయి.

చనిపోయినవాడి పక్కన అతని ఆయుధాన్ని పెట్టి పూడ్చినవారు వస్తువుకు యజమాని ఉంటాడని నమ్మినవారే. ఆ బంధం మరణంతో తెగదని కూడా నమ్మారు. పతకం మీద పేరు చెక్కినట్లే వారు కత్తిని ఎముకల పక్కన ఉంచారు. అంతకన్న గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? అయినా ఆ యజమాని ఎవరో చెప్పగల పాట మిగలలేదు. పాట లేనిచోట జనం ఒక పేరు పెట్టుకొన్నారు. తెలంగాణ పల్లెల్లో ఈ సమాధులను రాకాసి గుళ్ళు, రాక్షస గుళ్ళు అంటారు. ఇంత బండను మనుషులు ఎత్తలేరు కాబట్టి ఎత్తినవారు రాకాసులై ఉండాలన్నది ఆ పేరులోని తర్కం. దీన్ని మూఢవిశ్వాసమని తోసేసే పాఠ్యపుస్తక ధోరణి సరైనది కాదు. యజమాని లేని వస్తువును ఊరు ఊరికే వదిలిపెట్టదు అన్న సత్యం ఆ పేరులో ఉంది. మన సంగ్రహాలయపు చీటీ 'ఇనుప కత్తి, బృహత్ శిలాయుగం' అని ఆగిపోతుంది. జానపదుడి చీటీలో 'రాకాసిది' అని ఉంటుంది. రెండూ అసంపూర్ణాలే. రెండోదానిలో మాత్రం 'ఎవరిది' అన్న ప్రశ్న ఇంకా బతికి ఉంది.

ఈ గోదావరి కొండల మీద ప్రపంచయుద్ధపు నీడ పడిన తీరు కూడా విచిత్రమైనది. కొండరెడ్ల మీద క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చేసిన క్షేత్రపరిశోధన 1941 నాటిది. వియన్నాలో పుట్టి, జర్మన్ పాస్‌పోర్టుతో ఉన్నందువల్ల యుద్ధం మొదలయ్యాక ఆయన శత్రుదేశీయుడిగా హైదరాబాదు రాజ్యానికి పరిమితం కావలసి వచ్చింది. అలా యుద్ధం ఒక పరిశోధకుణ్ణి అడవికి పంపింది. 1945లో వెలువడిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' ఆ నిర్బంధపు ఫలం. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ చిత్రాల్లోని విల్లు, గొడ్డలి, వాటిని పట్టుకొన్న చేతులు ఏ ఇంటివో చెప్పగలవారు ఈ ఒడ్డున ఉన్నారు, చిత్రాలు ఆ ఒడ్డున ఉన్నాయి.

5. మన్యం తుపాకులు: లెక్క ఉంది, పాటలో లేదు

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను స్వాధీనం చేసుకొంది. తీసుకొన్న ఆయుధాల వివరాలను స్టేషన్ పుస్తకంలోనే రాసి రాజు సంతకం చేశాడన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. దాని చారిత్రకతను దస్తావేజులు తేల్చాలి. సాహిత్య విమర్శకు ముఖ్యమైనది జనం ఆ కథను అంత ఇష్టంగా చెప్పుకోవడం. దొంగ లెక్క రాయడు. లెక్క రాసి తీసుకొన్నవాడు దొంగ కాడు, హక్కుదారు. ఎవరి ఆయుధం ఎవరి చేతికి మారిందో బహిరంగంగా ప్రకటించడమే ఆ కథకు ప్రాణం.

ఆ తుపాకులకు తొలి యజమాని రాజ్యం. రాజ్యం వాటిని సంఖ్యలతో గుర్తుపెట్టుకొంది. అదే ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మరణించిన స్కాట్ కవర్డ్, హైటర్ అన్న అధికారుల సమాధులు నర్సీపట్నంలో పేర్లతో ఉన్నాయి. ఇటువైపు గాం గంటందొర, గాం మల్లుదొర వంటి నాయకుల పేర్లు చరిత్రలోకీ పాటలోకీ వచ్చాయి. వారి వెనుక నడిచినవారిలో ఎవరి భుజాన ఏ తుపాకి ఉండేదన్నది మాత్రం పాటలోకి రాలేదు.

అంతకన్న ఆసక్తికరమైన మార్పు మరొకటి. సీతారామరాజు అనగానే తెలుగువాడి కళ్ళముందు నిలిచేది విల్లంబులు. కూడలి విగ్రహాల్లో, బుర్రకథల్లో, 1974లో వచ్చిన చలనచిత్రంలో అదే రూపం. ఆగస్టు దాడుల తరువాత పోరాటం నడిచింది పోలీసుల నుంచి తీసుకొన్న తుపాకులతో. జ్ఞాపకం మాత్రం తుపాకిని పక్కనపెట్టి, నాయకుడి చేతికి మన్యం మనిషి ఆయుధాన్ని ఇచ్చింది. మిరపకాయ టపా కథలో కూడా సందేశం బాణానికి కట్టి వస్తుంది. రాజ్యం దగ్గర యజమాని గుర్తున్న తుపాకి ఉంది, జనం దగ్గర యజమాని గుర్తున్న విల్లు ఉంది. ఆ విల్లు రాజుది కాదు, మన్యానిది. మైదానం నుంచి వచ్చిన నాయకుణ్ణి మన్యం తనవాడిగా చేసుకొన్నదో, మన్యపు ఆయుధాన్ని మైదానం తన నాయకుడికి రాసిచ్చిందో అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో సబాల్టర్న్ స్టడీస్ తొలి సంపుటిలో గూడెం, రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 వరకు ఒకే పరంపరగా చదివినప్పటి నుంచి ఈ ప్రశ్నకు చరిత్రరంగంలో చోటు దొరికింది. తెలుగు సాహిత్య విమర్శలో అల్లూరిని గురించి వచ్చిన వ్యాసాలు ఎక్కువగా నాయక చిత్రణ దగ్గరే నిలిచిపోయాయి. నాయకుడి చేతిలోని వస్తువు ఎవరిదని అడిగితే, నాయకుడి కథ అతని వెనుకనున్నవారి కథ అవుతుంది.

6. విభజన మీద విమర్శ

తెలుగులో జానపద విజ్ఞానం విశ్వవిద్యాలయ శాస్త్రంగా ఎదగడానికి బిరుదురాజు రామరాజు గేయసాహిత్య పరిశోధన దారి వేసింది. అది పాటతో మొదలైన శాస్త్రం కావడం యాదృచ్ఛికం కాదు. తెలుగు శాఖలో పుట్టినందువల్ల పాఠమే దాని కేంద్రమైంది. తరువాత రిచర్డ్ డార్సన్ చేసిన చతుర్విధ విభజనను అనుసరించి ఆర్వీయస్ సుందరం 'ఆంధ్రుల జానపద విజ్ఞానం'లో మౌఖిక సాహిత్యం, వస్తుసంస్కృతి, సాంఘిక ఆచారాలు, ప్రదర్శన కళలు అన్న విభాగాలను స్థిరపరిచారు. బోధనకు అది ఎంతో మేలు చేసింది. నేటికీ సిద్ధాంత గ్రంథాల అధ్యాయ విభజన ఆ చట్రంలోనే సాగుతోంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. కొణతాన్ని తీసుకుంటే కత్తి వస్తుసంస్కృతి, దాని కథ మౌఖిక సాహిత్యం, దాని స్నానం ఆచారం, కల్లిపాడు నాటి ఘట్టం ప్రదర్శన. నాలుగు అధ్యాయాల్లో నాలుగు ముక్కలు. 'ఇది కన్నమదాసుది' అన్న వాక్యం మాత్రం ఏ అధ్యాయంలోనూ ఇమడదు, ఎందుకంటే అది నాలుగింటినీ కలిపి ఉంచే వాక్యం.

ఇగోర్ కొపిటాఫ్ 1986లో వస్తువుకూ మనిషికి ఉన్నట్లే జీవితచరిత్ర ఉంటుందని ప్రతిపాదించాడు. ఎవరు చేశారు, ఎవరి చేతుల్లో తిరిగింది, ఎప్పుడు సరుకయింది, ఎప్పుడు సరుకు కాకుండా పోయింది అని అడగమన్నాడు. ఈ ప్రశ్నలు పనికివచ్చేవే. ఐతే వాటిని అరువు తెచ్చుకొని ఇక్కడి వస్తువుల మీద అతికించడంతో పని పూర్తికాదు. కొపిటాఫ్ జీవితచరిత్రలో యజమానులు మారుతూ పోతారు. కొణతానికి యజమాని మారడు, పట్టేవాళ్ళే మారుతారు. వీరాచారవంతుడు దానికి కాపు, వారసుడు, మోసేవాడు. ఈ మాటల మధ్య తేడాను పట్టుకోగల పరిభాష తెలుగులో ఉంది. దాన్ని పరిశోధన పరిభాషగా మార్చుకొనే పని మిగిలింది.

ఈ పని ఎంత అత్యవసరమో పినపాక పొరుగున ఉన్న మణుగూరు మండలం చెబుతుంది. కోయల ఇలవేల్పుల చరిత్రను బొమ్మలుగా నిలిపిన గుడ్డను పడిగె అంటారు. కొలుపులో అది దైవానికి జెండా, కథకుడికి పుస్తకం. డోలి కళాకారుడు దాని మీది బొమ్మలను చూపుతూ వంశం పుట్టుకను, వలసలను, పోరాటాలను పాడతాడు. కోయలలో గట్టు, ఇంటిపేరు, వేల్పు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, పడిగె ఎవరిదో తెలియడమంటే ఏ గట్టువారు ఏ వేల్పును కొలుస్తారో, ఎవరితో వియ్యమందవచ్చో తెలియడం. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను, గిరికామరాజు, పగిడిద్దరాజుల కథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడిన డోలి కళాకారుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. పాట పోతే పడిగె రంగుల గుడ్డగా మిగులుతుంది. పడిగె అమ్ముడుపోతే పాటకు చూపించడానికి బొమ్మ ఉండదు. జానంపేట కత్తికి ఏనాడో జరిగినది పడిగెకు మన కళ్ళముందు జరగవచ్చు.

కళాఖండాల అంగట్లో గిరిజన వస్తువుకు గిరాకీ పెరిగిన ఈ కాలంలో సేకర్తను దోషిగా నిలబెట్టడం తేలిక, న్యాయం మాత్రం కాదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజల ఆద్యకళ సేకరణ వంటివి లేకపోతే ఎన్నో వాద్యాలు, పడిగెలు, లోహప్రతిమలు పాతసామాన్ల బండ్లకు ఎక్కి కరిగిపోయేవి. సేకరణ జరగాలి. ఏది సేకరించామో చెప్పే చీటీ మాత్రం మారాలి. ప్రస్తుతం వాడుకలో ఉన్న చీటీలో వస్తువు పేరు, పదార్థం, కొలత, దొరికిన ఊరు, సేకరించిన తేదీ ఉంటాయి. దానిమీద 'తెగ: కోయ' అని ఒక మాట రాయడంతో యజమాని ప్రస్తావన ముగుస్తుంది. సైనికుడి పతకం మీద 'దేశం: భారతదేశం' అని మాత్రమే చెక్కితే ఎంత సమాచారమో ఇదీ అంతే.

భద్రాచలం ఐటీడీఏ మ్యూజియం వంటి చోట ఒక పడిగెను ప్రదర్శనకు పెట్టాల్సి వస్తే చీటీలో ముందు రావలసినది వేల్పు పేరు, గట్టు, దాన్ని కొలిచే ఇంటిపేర్లు. తరువాత, దాన్ని విప్పి కథ చెప్పే డోలి కుటుంబం. ఆ వెంట కథను కోయభాషలో వినిపించే ఏర్పాటు, తెలుగు సారాంశం. ఏ బొమ్మ దగ్గర కథకుడు ఏ చరణం పాడతాడో గుర్తులు. అది ఇచ్చినదా, కొన్నదా, కొలుపు నాటికి తిరిగి తీసుకువెళ్ళే హక్కు ఎవరికి ఉంది అన్న వివరం. కొలతలు ఆఖరున రావచ్చు. ఇంత రాయాలంటే తెలుగు శాఖ పరిశోధకుడు కోయభాష నేర్చుకోవాలి, లేదా కోయ విద్యార్థి ఆ చీటీకి సహరచయిత కావాలి. మణుగూరు, పినపాక, గుండాల మండలాల నుంచి డిగ్రీ కళాశాలలకు వస్తున్న విద్యార్థుల ఇళ్ళలో ఈ వేల్పుల పేర్లు ఇంకా పలుకుతున్నాయి. చీటీ మీద మొదటి గడిని నింపగలిగినవారు వాళ్ళే.